చప్పట్ల సారుకు శాలువా

ఆ రోజుల్లో మా ఇంట్లో ఎవరికి ఏ కష్టమొచ్చినా మందు ఒక్కటే ఉండేది, సభ పెట్టడం. ట్రాన్స్‌ఫార్మర్ కాలితే సభ, బోరు ఎండితే సభ, సంబంధం కుదిరితే సభ, కుదరకపోతే ఇంకా పెద్ద సభ. మా బాపు ఎంకపల్లి సర్పంచ్ కాదు, సర్పంచ్‌గా పోటీ చేసి ఓడిపోయినవాడు. గెలిచినాయన ఇంట్లో కాళ్లు చాపుకుని కూర్చుంటే ఓడినాయన ఊరంతా తిరిగేవాడు కనుక జనం మా బాపునే 'ప్రెసిడెంట్ సాబ్' అని పిలిచేవారు. ఇస్త్రీ మడత నలగని తెల్లచొక్కా, చొక్కా జేబులో రెండు పెన్నులు (రెండూ రాయవు), ఎవరు ఎదురొచ్చినా దానంతటదే లేచే నమస్కారం. నేను ఏడో తరగతిలో ఉండగా లెక్కల సారు నన్ను రోజూ ఏడిపించేవాడు. ఆ సంగతి చివరికి ఇలాంటి మనిషి చెవిన పడింది. తర్వాత జరిగిందంతా అందువల్లే జరిగింది.

మా బడి మొయినాబాద్‌లో. ఇంగ్లీషు మీడియం, టై, బెల్టు, బూట్లు, అన్నీ ఉండేవి. లెక్కల సారును పిల్లలం 'చప్పట్ల సారు' అనేవాళ్లం. ఆయన బెత్తం ముట్టేవాడు కాదు. కొట్టే సారులు పాతకాలం వాళ్లనీ, తనది ఆధునిక పద్ధతనీ ఆయన నమ్మకం. ఆ పద్ధతి ఏమిటంటే, నన్ను లేపి, "రాణీగారు లేచారు. పదమూడు ఏడులు ఎంతో సెలవివ్వండి" అనేవాడు. ఇంట్లో బర్రెకు గడ్డి వేస్తూ గడగడా అప్పజెప్పే ఎక్కం అక్కడ లేచి నిలబడగానే నాలుకకు అంటుకుపోయేది. ఆయన రెండు నిమిషాలు కళ్లు మూసుకుని ఎదురుచూసి, "ఆహా! రాణీగారికి క్లాసంతా చప్పట్లు!" అనేవాడు. నలభై మంది కొట్టేవాళ్లు. మొదటిరోజు నిజంగానే మెచ్చుకున్నాడనుకుని నేను కూడా నవ్వాను (ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే జాలేస్తుంది). నెల తిరిగేసరికి పెన్సిల్ కింద పడితే చప్పట్లు, నీళ్లు తాగి వస్తే చప్పట్లు, తుమ్మితే చప్పట్లు. నా పక్క బెంచీ పిల్ల ఒకరోజు నా చెవిలో, "నేను సప్పుడు రాకుంట కొడుతున్ననే, ఒట్టు" అంది. ఆ తరగతిలో నాకు దక్కిన స్నేహం అంతే.

పొద్దున అన్నం సయించడం మానేసింది. కడుపునొప్పి అన్నాను. దవాఖానకు తీసుకుపోతే ఊదారంగు సిరప్ ఇచ్చారు. సిరప్‌కు సారు సంగతి ఏం తెలుసు, అది కడుపులోకి పోయి దాని పని అది చేసుకుంది. చివరికి ఒకరోజు బస్సు మొయినాబాద్‌లో ఆగినా నేను దిగలేదు. అది నేరుగా చేవెళ్ల పోయి నన్ను బస్టాండులో దింపింది. సాయంత్రం దాకా సంచి ఒళ్లో పెట్టుకుని సిమెంటు బెంచీ మీద కూర్చుని, వచ్చేపోయే బస్సుల బోర్డులు చదివాను. మరునాడూ అంతే. మూడోనాడు మా ఊరి ఆటో ఆయన చూసి బాపుకు ఫోన్ చేశాడు. బాపు బండి మీద వచ్చి, బెంచీ మీద నా పక్కన కూర్చుని, "ఏమైంది బిడ్డా?" అన్నాడు. "బాపు, నేను ఇంక బడికి పోను. బర్లను కాస్త" అని మొదలుపెట్టి, వెక్కిళ్ల మధ్య అంతా చెప్పాను. బాపు నా సంచి తీసి తన ఒళ్లో పెట్టుకున్నాడు. ఆ తర్వాత ఆయన అడిగిన మొదటి ప్రశ్న: "గా సారు ఎవరి మనిషే?"

ఆ సాయంత్రం ఇంట్లో అత్యవసర సమావేశం జరిగింది. బాపు తమ్ముడు, మా కాక, వెంటనే రాస్తారోకో అన్నాడు. "బీజాపూర్ రోడ్డు మీద గంటసేపు కూసుంటే పెద్ద పెద్ద ఆఫీసర్లు దిగొస్తరన్నా. జర నువ్వు ఊ అను." బాపు తల్లి, మా అవ్వ, "గవన్నెందుకురా, గాయనెట్లుంటడో నాకు జూపెట్టుర్రి, కట్టె దీస్కొని పోత" అంది. బాపు ఇద్దరి మాటా విని, గొంతు సవరించుకుని, కూర్చున్నది నలుగురే అయినా లేచి నిలబడి మాట్లాడాడు. "కొడితే కేసైతది. ధర్నా జేస్తే పిల్ల మీద కక్ష వెడతడు. ఎదుటోన్ని మనోన్ని జేస్కోవాలె, అంతే. శాలువ గప్పించుకున్న మనిషి మన మీద మల్ల నోరు లేపంగ ఎప్పుడన్న జూసిర్రా? లైన్‌మన్‌కు కప్పినం, ట్రాన్స్‌ఫార్మర్ రాలేదా? సర్వేయర్‌కు కప్పినం, కొలతలు గాలేదా?" అందరూ ఆలోచనలో పడ్డారు. ఆ మాట నిజమే. నేను మాత్రం, "నన్ను ఏడిపిచ్చినందుకు ఆయనకు సన్మానమా బాపు?" అన్నాను. "రాజకీయం గట్లనే ఉంటది బిడ్డా. నువ్వు ఫికర్ జెయ్యకు. ఆదివారం సభ. సోమవారం గిట్ల ఒక్కసారి చప్పట్లు కొట్టిచ్చిండనుకో, టీసీ నేనే దెస్త, చదువు బందు." ఆ మాటతో నా చదువంతా ఒక శాలువాకు వేలాడింది. అమ్మ అంతసేపూ మూలన కూర్చుని రొట్టెలు కొడుతూనే ఉంది. మరునాడు పొద్దున జడ వేస్తూ మాత్రం, ఏ రోజు నుంచి, ఏమన్నాడు, నువ్వేమన్నావు అని గుచ్చి గుచ్చి అడిగింది. అసలే బడికి పోవాలన్న ఏడుపులో ఉన్న నాకు చిరాకేసింది.

బాపు మనుషులిద్దరు పండ్లబుట్టతో బడికి వెళ్లి, సారు సేవలను గుర్తించి ఎంకపల్లి ప్రజలు 'గణితరత్న' బిరుదు ఇవ్వదలిచారని చెప్పారు. ఆయనకు ఇసుమంత అనుమానం రాలేదు. (సన్మానం విషయంలో ఎవరికీ రాదు. రేపు నాకే చేస్తామన్నా నేను మాత్రం ఎందుకని అడుగుతానా?) పైగా, తన పద్ధతి మా ఇంటివాళ్లకు తెగ నచ్చిందని ఆయనకు అర్థమైంది. దాంతో శుక్రవారం, శనివారం నాకు చప్పట్లు రెట్టింపయ్యాయి. "మీ నాన్నగారికి మన పద్ధతి నచ్చిందమ్మా రాణీగారూ" అని కొట్టించాడు. ఇంటికొచ్చి చెబితే బాపు, "ఆదివారం దాకా ఓపిక వట్టు బిడ్డా, ఇంకా శాలువ పడలేదు గద" అన్నాడు, మందు ఇంకా దిగలేదన్నట్టు.

ఫ్లెక్సీ చేవెళ్లలో కొట్టించారు. ఫ్లెక్సీకి ఒక మర్యాద ఉంటుంది. పైవరసలో పెద్ద నాయకులు, వాళ్ల కింద జిల్లా నాయకులు, వాళ్ల కింద మండల నాయకులు, ఒక పక్కన నిలువెత్తున చేతులు జోడించి మా బాపు, అడుగున గుండ్రటి గళ్లలో యువకులు. ఎవరి ఫొటో తీసేసినా వచ్చే ఎన్నికల దాకా మాటలుండవు. అందరినీ సర్దేసరికి సన్మానం పొందే మనిషికి చోటు మిగల్లేదు. చివరికి మూలన, పోస్టేజి స్టాంపంత గడిలో సారును ఇరికించారు. అది బడి గ్రూపు ఫొటోలోంచి కత్తిరించింది కావడంతో పక్కనున్న పీఈటీ సారు చెవి కూడా అందులోనే వచ్చింది. మొయినాబాద్ చౌరస్తాలో దాన్ని చూసినవాళ్లంతా బాపుకు ఫోన్ చేసి పుట్టినరోజు శుభాకాంక్షలు చెప్పారు. ఆయన ఎవరినీ నిరాశపరచలేదు.

ఆదివారం మా ఊరి పంచాయతీ ఆఫీసు ముందు షామియానా వేశారు. బిర్యానీ ఉందని తెలిసి మా క్లాసు క్లాసంతా దిగింది. వేదిక మీద ముఖ్య అతిథిగా మా ప్రిన్సిపల్. బాపు శాలువా కప్పి ఫొటో దిగాడు. బాపు కప్పాక తాము కప్పకపోతే ఎట్లా అని కాక కప్పాడు, యువజన సంఘం కప్పింది, ఫొటోలో పడాలని ఆటో ఆయన కూడా కప్పాడు. ఎండాకాలపు మధ్యాహ్నం సారు మీద ఏడు శాలువాలు చేరాయి. ఆయన వాటిలోంచి తల బయటపెట్టి అరగంట మాట్లాడాడు. ఆ ఊపులో, "ఇప్పుడు నా ప్రియశిష్యురాలిని వేదిక మీదకు పిలుస్తున్నాను" అన్నాడు. నేను మెట్లెక్కాను. "రాణీగారూ, పదిహేడు ఎనిమిదులు ఎంతో మీ ఊరివాళ్లకు సెలవివ్వండి."

నాలుక అంటుకుపోయింది. ఊరంతా నా వైపే చూస్తోంది. రెండు నిమిషాలయ్యాక ఆయన అలవాటు చొప్పున, "రాణీగారికి చప్పట్లు!" అన్నాడు. మా క్లాసు పిల్లలు కూడా అలవాటు చొప్పున కొట్టారు. ఊరు కొట్టలేదు. అవ్వ లేచి నిలబడింది. "ఎందుకు గొడుతుర్రు? పిల్ల జెప్పనే లేదు గద."

"సరదాకి అవ్వా" అన్నాడు సారు.

"సరదానా? గా పిల్ల మొకం జూసి చెప్పు సరదా అని."

ముందువరసలో గెట్ల తాత కూర్చున్నాడు. పొలాల గెట్ల పంచాయతీలన్నీ ఆయనే తెంపుతాడు కనుక ఆ పేరు. ఆయన తాపీగా, "సారూ, నాదొక లెక్క. మూడెకరాల పద్దెనిమిది గుంటలు, ముగ్గురన్నదమ్ములు. తలా ఎంతొస్తది? నోటితోని జెప్పు" అన్నాడు. ఎకరానికి నలభై గుంటలు. భూముల బేరాలు తప్ప ఇంకో మాట వినపడని మా వైపు ఈ లెక్క పిల్లలకు అక్షరాల కంటే ముందే వస్తుంది. సారు నవ్వాడు, పైకి చూశాడు, వేళ్లు కదిలించాడు, సుద్దముక్క ఉందా అని అడిగాడు. లేదు. చెమట కనుబొమ్మల మీంచి మొదటి శాలువాలోకి కారుతోంది. మైకు పట్టుకున్న మా కాకకు ఒక జబ్బు ఉంది, సభలో నిశ్శబ్దం ఓర్చుకోలేడు. "ఏం ఫరవాలేదు, గణితరత్న సారుకు అందరు ఒక్కసారి గట్టిగ చప్పట్లు!" అని అరిచాడు. ఈసారి ఊరు కొట్టింది. వెక్కిరింపు లేదు, పాపం అన్నట్టు, ప్రేమగా, అరచేతులు ఎర్రబడేలా కొట్టింది. సారు ముఖంలో నెత్తురు చుక్క లేదు. పక్కన నిలబడ్డ నేను, "ఎకరం ఆరు గుంటలు సార్" అని మెల్లగా అన్నాను. జాలితో అనలేదు. ఆ చప్పుడు ఎవరి కోసమైనా సరే, నేను వినలేకపోయాను. ఆయన నన్ను చూసి, శాలువా అంచుతో ముఖం తుడుచుకున్నాడు. ఇంతలో బిర్యానీ మూతలు తీశారు. జనానికి లెక్కా గుర్తులేదు, సారూ గుర్తులేడు.

సోమవారం నేను తరగతి గుమ్మం దగ్గరే ఆగిపోయాను. సారు వచ్చి, బోర్డు వైపు చూస్తూ, "ఇకమీదట ఈ క్లాసులో ఎవరికీ చప్పట్లుండవు. నేను చేసింది తప్పు. లోపలికి రా అమ్మా" అన్నాడు. 'రాణీగారూ' అనలేదు, నా పేరు కూడా పలికాడు. నేను వెళ్లి కూర్చున్నాను. టీసీ అవసరం పడలేదు, చదువు సాగింది, నగరంలో ఉద్యోగం దాకా సాగింది. బాపు ఆనందం చెప్పనలవి కాదు. "జూసినవా శాలువ పవర్!" అని ఇంటికొచ్చిన ప్రతి మనిషికీ చెప్పాడు. ఆయన నోటినుంచి ఆ కథ నాకు వారసత్వంగా వచ్చింది. పెళ్లిళ్లలో, ఆఫీసు భోజనాల బల్ల దగ్గర, బాపులా గొంతు సవరించి మరీ చెప్పేదాన్ని. నాకన్నా బాగా ఎవరూ చెప్పలేరని నాకొక గర్వం కూడా ఉండేది.

నిరుడు చేవెళ్లలో ఒక పెళ్లిలో పదిమందిని పోగేసి ఆ కథే చెబుతుంటే, వెనకనుంచి ఒక ముసలాయన కళ్లనీళ్లొచ్చేలా నవ్వాడు. మా ప్రిన్సిపల్. నవ్వి నవ్వి, "మీ అమ్మగారు బాగున్నారా?" అన్నాడు. బాగుందన్నాను. "ఆ శుక్రవారం ఒక్కతే బస్సెక్కి వచ్చింది తల్లీ. నోట్‌బుక్ తెచ్చింది. ఏ తేదీన ఆయన ఏమన్నాడు, ఆ రోజు నువ్వెంత అన్నం తిన్నావు, అన్నీ రాసుకొచ్చింది. 'నా బిడ్డకు లెక్కలు రాకుంటే ఫెయిల్ జెయ్యుర్రి సార్, నవ్వులపాలు జెయ్యకుర్రి' అంది. తన మాట నమ్మొద్దని, నన్నే గోడ అవతల నిలబడి ఒక పీరియడ్ వినమంది. శనివారం విన్నాను. చాలదన్నట్టు ఆదివారం మీ వేదిక మీదే చూశాను. సోమవారం ప్రేయర్ కంటే ముందే ఆయన్ని పిలిచి, క్లాసు ముందు తప్పు ఒప్పుకుంటావా, ఇంటికి పోతావా అన్నాను."

ఇంటికి పోయి అమ్మను నిలదీశాను. టమాటలు కోస్తూ తల కూడా ఎత్తలేదు. "ఫ్లెక్సీలు గట్టినంక ఏం జెప్తనే? నిన్ను బస్టాండ్ల జూసిన నాడు మీ బాపు కొట్టం ఎనకకు వోయి ఏడ్చిండు, నీకెర్కనా? ఆయనకు చాతనైంది ఆయన జేసిండు. గిది ఆయన ముందర మాట్లాడకు." అన్నేళ్లు నేను చేతులూపుకుంటూ శాలువా మహిమ చెబుతుంటే, మంచినీళ్లు తెచ్చి ఇస్తూ వినే మనిషి ఈమె. సిగ్గేసింది. జరిగిందంతా నేనే చూశాననుకున్నాను, జడ వేస్తూ అడిగిన ప్రశ్నలకు విసుక్కున్నది కూడా నేనే.

(ఇది బాపు చదువుతాడన్న భయం లేదు. తన ఫొటో లేని కాగితం ఆయన చదవగా ఎవరూ చూడలేదు.) పోయినవారం చుట్టాలొస్తే ఆయన ఎప్పటిలాగే, "ఏదీ బిడ్డా, శాలువ ముచ్చట జెప్పు" అన్నాడు. చెప్పాను, పాత కథే, ఒక్క ముక్క మార్చకుండా. నవ్వాల్సిన చోట అందరికంటే ముందు అమ్మ నవ్వింది.