జపాన్ జంతువూ, మా ఊరి తుమ్ములూ

ఆ రోజుల్లో, అంటే తొంభైల చివర, సినిమా చూసి జనం నిజంగా ఏడ్చారా లేదా అన్నది మా ఊళ్లో తేల్చడం మహా కష్టంగా ఉండేది. గుంటూరుకి ఇరవై మైళ్ల దూరం, చుట్టూ మిరప కల్లాలు. పొద్దుటినుంచీ ఎండుకాయల్లోంచి తాలుకాయలు ఏరిన ఆడవాళ్లు ఆ చీరలతోనే సాయంత్రం ఆటకి వచ్చేవాళ్లు. ఫ్యాన్లు తిరగడం ఆలస్యం, ఘాటు హాలంతా చుట్టేసేది. నవ్వుల బొమ్మ చూసినా కళ్లు తుడుచుకుంటూనే బయటికొచ్చేవాళ్లు. ఆటకి ఎన్ని తుమ్ములో నేను నోటుపుస్తకంలో రాసుకునేవాణ్ణి. (ఎవరూ అడగలేదు. కనబడిందల్లా లెక్కపెట్టడం నాకు చిన్నప్పటినుంచీ ఉన్న జబ్బు.)

ఆ రేకుల హాలు మా మేనమామది. పదో తరగతి తప్పి (లెక్కల్లో కాదు, ఇంగ్లీషులో) ఆయన దగ్గర ప్రొజెక్టర్ నడపడానికి చేరాను. ఇళ్లల్లోకి కేబుల్ వచ్చాక కుర్చీలు ఖాళీ అవుతుంటే, "ఉగాది దాకా చూస్తాన్రా. జనం రాకపోతే హాలు పత్తి గోడౌనుకి ఇచ్చేస్తా" అన్నాడు మామయ్య. నాకు తెలిసిన పని అదొక్కటే. అందుకని బెజవాడ వెళ్లి జపాన్ వాళ్ల జంతువు బొమ్మ ఒకటి ఎంచుకొచ్చాను. బల్లిలాంటి జంతువు మేడలు తొక్కేస్తుంటే జనం విరగబడి చూస్తారని నా అంచనా.

శనివారం బొమ్మ వేశాక చూస్తే మాటలన్నీ జపాన్ భాషే. తెలుగులో ఉంటుందని చెప్పి బొమ్మ అంటగట్టిన పెద్దమనిషి బెజవాడలో క్షేమంగా ఉన్నాడు. గత్యంతరం లేక ప్రొజెక్టర్ గదిలో మైకు తీసుకుని, నాకొచ్చిన లెక్కలే మొదలుపెట్టాను. "ఈ జంతువు మన వాటర్ ట్యాంకుకి నాలుగింతలు. ఒక్కో పాదం కింద పావెకరం..."

ముందు వరసలోంచి ఏరుడు ముఠా పెద్ద లేచింది. ఊరంతా ఆమెని మేస్త్రక్క అనేవాళ్లు. "ఏమయ్యో లెక్కల మేష్టారూ, బల్లి పొడుగు మాకెందుకు? ఆ పిల్ల క్యారేజీ మెట్టు మీద పెట్టి, నాయనతో మాట్లాడకుండా పోతందేంది? అది చెప్పు ముందు."

నేనూ అప్పుడే ఆ పిల్లని చూశాను. అప్పటిదాకా బల్లినే కొలుస్తున్నాను మరి. తండ్రి సముద్రపొడ్డున సైరన్ బురుజుకి కాపలా. కూతురు రోజూ అన్నం తెచ్చి కింది మెట్టు మీద పెట్టి, మొహం తిప్పుకుని వెళ్లిపోతుంది. గొడవేమిటో నాకేం తెలుసు? "మాటా మాటా అనుకున్నారు. ఇద్దరికీ పంతం" అన్నాను. ఎవరింటి పంతం వాళ్లకి గుర్తొచ్చిందేమో, హాలు సద్దుమణిగింది.

జంతువు వచ్చిన రోజు ఊరంతా పరుగెడుతుంటే తండ్రి సైరన్ వదల్లేదు. కూతురు జనానికి ఎదురెళ్లి, క్యారేజీతో బురుజెక్కింది. నూట పన్నెండు మెట్లు. పైన ఆయన రెండు చేతులా సైరన్ తిప్పుతుంటే, ఆమె ముద్ద కలిపి నోట్లో పెట్టింది. ఆ మోతకి జంతువు సముద్రంలోకి మళ్లింది. నేను మైకు ఎప్పుడు కట్టేశానో నాకే గుర్తులేదు.

హాలంతా కళ్లు తుడుచుకుంటూ బయటికొచ్చింది. "సంబరపడమాక" అన్నాడు మామయ్య. "అది ఘాటురా. మొన్న కామెడీకీ ఇట్టాగే కారినయ్."

"రేపు ఆదివారం మామయ్యా. కల్లాలకి సెలవు. అందరూ తలంటు పోసుకుని, ఉతికిన చీరలు కట్టుకొస్తారు. రేపు కళ్లు తడవకపోతే తాళం నేనే తెచ్చి నీ చేతిలో పెడతా."

ఆదివారం పక్క ఊళ్లనుంచి కూడా ట్రాక్టర్లు కట్టుకొచ్చారు. శనివారం తుమ్ములు మూడొందల పన్నెండు. ఆదివారం నాలుగు, ఆ నాలుగూ ముక్కుపొడుం పీల్చే ఒక తాతవే. బొమ్మలో ఆ పిల్ల మెట్లెక్కే చోట నేను మైకులో నోరు తెరవబోతే, "నువ్వు ఊరుకోవయ్యా, మాకు తెలుసు" అంది మేస్త్రక్క. కిటికీలోంచి చూశాను. ఉతికిన కొంగులన్నీ కళ్ల మీదే ఉన్నాయి. ఆటయ్యాక దిగొస్తే గేటు దగ్గర, జన్మలో కల్లంలో అడుగుపెట్టని మామయ్య కండువాతో మొహం తుడుచుకుంటున్నాడు.

"ఏంది మామయ్యా?"

"ఘాటురా" అన్నాడు.

ఆ బొమ్మ ఇరవై ఆరు రోజులు ఆడింది. ఉగాది వచ్చింది, వెళ్లింది. పత్తి బస్తా ఒక్కటి కూడా మా గేటు దాటలేదు.

మొన్న ఆగస్టులో, కాలేజీలో చదువుతున్న మా అమ్మాయి టీవీలో జపాన్ బొమ్మ ఏదో పెట్టింది. జంతువెంత ఎత్తుంటుందో లెక్క వేద్దామని కూర్చున్నాను. కాసేపటికి తను నా వంక తిరిగి, "ఏంటి నాన్నా?" అంది.

"ఘాటమ్మా" అన్నాను.

"మిరప కోతలైపోయి నాలుగు నెలలైంది నాన్నా" అంది.

లెక్కలు దానికీ బాగానే వచ్చు.