చేత్తో చూసే కొడుకు

ఆ రోజు రామగుండం స్టేషన్‌లో బండ్లన్నీ లేటు. కుదురుగా కూర్చోవడం నాకు బళ్లోనే చేతకాలేదు, ఏడో తరగతితోనే బయటపడ్డాను. హాల్లో అటూ ఇటూ తిరుగుతుంటే, మూలన ఒక గోండు పెద్దాయన ఒకే తెలుగు మాటను పాఠం వల్లెవేసినట్టు మళ్లీ మళ్లీ గొణుక్కుంటూ కనిపించాడు.

"ఏంది కాకా, పెండ్లిచూపులకా గీ తయారీ?" అన్నాను.

ఆయన నవ్వకుండా సంగతి చెప్పాడు. చూపులేని కొడుకు తప్పిపోతే, పోలీసులు మంచిర్యాల అవతల ఒక హోంలో చేర్పించారట. వాడికి గోండి తప్ప మరో మాట రాదు. ఎదుటి మనిషి ఎవరో తెలుసుకోవడానికి ముఖం తడుముతాడు. హోంవాళ్లు మీద పడుతున్నాడనుకుని చేతులు మంచానికి కట్టేశారట.

"పోయినసారి తెలుగుల సక్కగ చెప్పలే. హోం సారు ఎల్లగొట్టిండు. ఇయ్యాల చెప్పాలె."

"అయితే నేనే సారును, చెప్పు" అని పొట్ట ముందుకు పెట్టి కూర్చున్నాను. "ఏందయ్యా, నీ కొడుకు అందరి మీదికి ఉరుకుతున్నడు?"

"కొట్టడు సారూ. మా పోరడు చేత్తోని చూస్తడు. గిట్ల."

కళ్లు మూసుకుని, గరుకు వేళ్లతో నా నుదురు, ముక్కు, గడ్డం మెల్లగా తడిమాడు. చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. నేను కదల్లేదు.

ఆయన కళ్లు తెరిచాడు. "కట్లు ఇప్పుతరా సారూ? ఇంటికి తోల్కపోవచ్చునా?"

"వచ్చే వారం రా పో" అనే సారు మాట నా నోటిదాకా వచ్చింది. ఆటకు కూడా అనలేకపోయాను.

అంతలో మంచిర్యాల బండి వచ్చింది. ఆయన ఎక్కి, కిటికీలోంచి నా వైపే చూస్తూ పోయాడు, జవాబివ్వాల్సిన సారు ఇంకా నేనే అన్నట్టు.