తలుపులో తీసిన పల్లం

సోమవారం పొద్దున దిల్‌సుఖ్‌నగర్‌లో బస్సు కోసం నిలబడి ఉంటే వదిన ఫోన్ చేసింది. "మామ చాయ్ అడిగిండు. తెచ్చేలోపే పోయిండు" అంది. ఆమె మామ అంటే మా పెద్దనాయన.

నల్గొండ పల్లె నుంచి వచ్చి ఎల్బీనగర్‌లో చిన్న వడ్రంగి దుకాణం పెట్టుకున్నాడు. చెక్కలో వెడల్పాటి గుండ్రటి పల్లం తీయడంలో ఆయనది అందెవేసిన చేయి. లోతు కొద్దిగానే ఉండాలి, అద్దమో గడియారమో అందులో కూర్చుంటే అంచు వేలికి తగలకూడదు. సెలవు రోజుల్లో వెళ్లి చూస్తూ కూర్చునేదాన్ని. పని అయ్యాక పొట్టు ఊది, కళ్లు మూసుకుని వేళ్లతో తడిమేవాడు. కోత మిషన్ పల్లంలోకి ఒరగకుండా, దానికి ఆనికగా మధ్యలో కొంత చెక్కను చివరిదాకా ఉంచేవాడు. "అంతా ఒక్కపారే తీసేస్తే దేనిమీద నిలవడతవ్ బిడ్డా?" అనేవాడు. నా కాపురం చెడి, ఉద్యోగం కూడా మానేస్తానన్న రోజున ఈ మాటే అన్నాడు. మానలేదు. అందుకే నిలబడ్డాను.

ఆయన ముఖంలో భయం ఒక్కసారే చూశాను. నాదర్‌గుల్ నుంచి ఒకావిడ, కూలగొట్టిన తమ పాత ఇంటి టేకు తలుపు తెచ్చి, గుండ్రటి అద్దం పొదగమంది. పెద్దనాయన పైపొర తీయగానే కింద నల్లటి మరక తేలింది. లోతుకు పోయేకొద్దీ పోవాల్సింది, ఇంకా నల్లబడింది. దుకాణమంతా ఆముదం వాసన. మిషన్ ఆపేసి ఆమెను పిలిపించాడు.

"అమ్మా, గీ తలుపుకు ఎవరన్న తల ఆనిచ్చి కూసునేటోళ్లా?"

"మా అత్త. కాళ్లు పడిపోయినంక పొద్దంత గాడనే. తలకు ఆముదమే రాసేది. పిలిస్తే నేను పలుకకపోతుంటి."

పల్లంలో అరచెయ్యి పెట్టి, చటుక్కున తీసేసుకుంది. "ఎచ్చగున్నది."

"మిషన్ వేడమ్మా" అన్నాడు పెద్దనాయన. మిషన్ ఆపి అప్పటికే చాలాసేపయింది. నేనూ చెయ్యి పెట్టి చూశాను. మనిషి నుదురంత వెచ్చగా ఉంది.

"ఇంక లోతు తీస్తే తలుపు తూటు పడ్తది. ఏం జెయ్యమంటవ్?"

"అద్దమొద్దు. గట్లనే ఉంచు."

పల్లాన్ని నున్నగా చేసి పంపించాడు. "గామె ఇప్పుడన్న పలుకుతదేమో" అన్నాడు.

ఆయన పోయిన మూడోనాడు, వదిన దగ్గరున్న ఆయన ఫోన్‌కు ఆవిడే చేసింది, ఒకసారి వచ్చి తలుపు చూసిపొమ్మని. చావు కబురు ఫోన్లో చెప్పలేక వదిన నన్ను పంపింది.

నేను నోరు తెరిచేలోపే ఆవిడ లోపలికి తీసుకెళ్లింది. తలుపు గోడకు ఆనించి ఉంది. "సోమవారం పొద్దుగాల్నుంచి పొట్టు రాలుతున్నది. ఎంత ఊడ్చినా గంతే. మీ పెద్దనాయనను జర తోల్కరావా?"

పురుగు పట్టిందేమోనని తలుపంతా వెతికాను. ఒక్క రంధ్రం లేదు.

"ఆయన సోమవారం పొద్దునే పోయాడమ్మా" అన్నాను.

ఆవిడ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. ఇద్దరం అలాగే చూస్తూ నిలబడ్డాం. పల్లం కింది అంచు నుంచి, అప్పుడే కోసిన టేకు రంగులో, సన్నటి పొట్టు చప్పుడు లేకుండా నల్లటి బండల మీదికి జారుతూ ఉంది.