క్లెమ్ కారులో చెల్లని మాటలు

క్లెమ్ టెల్ఫర్ కారు నడుపుతున్నప్పుడు ముందు ఇంకో బండి కనిపించకూడదు. కనిపించిందా, దాని నంబరు ప్లేటు చివరనున్న మూడక్షరాలూ అదే వరసలో వచ్చే పొడవాటి ఇంగ్లీషు మాట ఒకటి చెప్పేదాకా కారులో ఉన్నవాళ్లను బతకనిచ్చేవాడు కాదు. మధ్యలో ఎన్ని అక్షరాలు దూరినా ఫరవాలేదు, వరస మాత్రం తప్పకూడదు. ఎఫ్, జీ, టీ కనిపిస్తే ‘రెఫ్రిజిరేటర్’ అనాలన్నమాట. మాట ఎంత పొడవైతే అంత మర్యాద.

ఇంగ్లండులో మా రాత్‌బరీ సంతలో నలభై ఏళ్లు గొర్రెల వేలం వేసిన మనిషి. ధర ఖాయం చేస్తూ బల్ల చరిచే ఆ అలవాటు చేతిలోంచి పోలేదు. మాట నచ్చితే స్టీరింగ్ మీద ఒక్క చరుపు చరిచి “చెల్లింది!” అనేవాడు. నచ్చకపోతే అదే చరుపు, “చెల్లదు!” అని. ఆ తీర్పు మీద అప్పీలు లేదు. తాను పట్టిన గొర్రెకు మూడే కాళ్లు.

ఒకసారి లారీ ప్లేటు చదవడానికి దాని తోకకు అంటుకుపోయేంత దగ్గరగా పోయాడని పోలీసు ఆపాడు.

“ఏం పని పెద్దాయనా ఇది?”

“పీ, ఎస్, టీ బాబూ. గంట నుంచి తట్టడం లేదు.”

ఆ పోలీసు లారీ వైపు చూశాడు, క్లెమ్ వైపు చూశాడు, జేబులోంచి చలానాల పుస్తకం తీసి, “‘ప్రాసిక్యూషన్’ సరిపోతుందా?” అన్నాడట.

“చెల్లింది!” అని అరిచాడు క్లెమ్. జరిమానా కట్టి కూడా ఆ పోలీసును మెచ్చుకుంటూనే ఉండేవాడు.

ఇలాంటివాడి కారులో నేను ఇరవై రోజులు ప్రయాణం చేయాల్సి వచ్చింది. ఉత్తరాలు పంచి రిటైరయ్యాక హాయిగా కూర్చుందామనుకుంటే, మగవాళ్లకు ముసలితనంలో వచ్చే క్యాన్సర్ నాకూ వచ్చింది. రోజూ న్యూకాసిల్ పెద్దాసుపత్రికి వెళ్లి రేడియేషన్ పెట్టించుకోవాలి. వెళ్లడానికి గంట, రావడానికి గంట. బస్సులో పోలేనివాళ్లను తమ కార్లలో తీసుకెళ్లడానికి ఊరి హాల్లో కొందరు పేర్లిచ్చారు, పెట్రోలు ఖర్చు తప్ప ఏమీ పుచ్చుకోరు. నా వంతుకు క్లెమ్ వచ్చాడు. చెవిలో ఇల్లు కట్టుకుని పోరుతాడని తెలిసి, నడిచి పోదామా అని కూడా ఆలోచించాను.

ముందు సీట్లో అప్పటికే ఎనిడ్ డాడ్స్ ఉంది. ఊళ్లో ఉన్ని దుకాణం నడిపిన మనిషి, డెబ్బై ఆరేళ్లది, భర్త పోయి చాలా కాలమైంది. రొమ్ములో గడ్డ తీశారు, ఆమెకూ ఇరవై రోజుల చికిత్సే. నాకన్నా నాలుగు రోజులు ముందు మొదలెట్టింది. మాటల ఆటలో ఆమెను కొట్టేవాడు లేడు. నేను తల గోక్కుంటూ ఉండగానే పన్నెండక్షరాల మాట ఒకటి వదిలేది. “చెల్లింది! భేష్!” అని క్లెమ్ మురిసిపోయేవాడు.

ఎనిడ్ చికిత్స ఏడో రోజున, తిరుగు ప్రయాణంలో ఆమె ఒక్క మాటా చెప్పలేదు. దారిలో మార్పెత్ ఊరు దాటాక మెల్లగా అంది.

“క్లెమ్, రేపట్నుంచి నా గేటు దగ్గర ఆగకు.”

“అదేంటమ్మా?”

“నన్ను ఆ బల్ల మీద పడుకోబెట్టి అందరూ బయటికి పోతారు. ఆ తలుపు మూసుకుంటుంది చూడూ, ఆ చప్పుడు నావల్ల కాదు. డెబ్బై ఆరేళ్లు బతికా. చాల్లే.”

మధ్యలో మానేస్తే అంతవరకూ పడ్డ కష్టమంతా వృథా అని డాక్టరు మా ఇద్దరికీ గట్టిగానే చెప్పాడు.  ఆమెకింకా పదమూడు రోజులున్నాయి. క్లెమ్ ఏదైనా మంచి మాట చెబుతాడని చూశాను.

“ముందు ఎర్ర బండి. డీ, కే, ఎఫ్” అన్నాడు క్లెమ్.

వెనక నుంచి వాడి నెత్తిన ఒక్కటివ్వాలనిపించింది. ఎనిడ్ మాత్రం అలవాటు కొద్దీ, కిటికీలోంచి చూస్తూనే, “హ్యాండ్‌కర్చీఫ్” అంది.

స్టీరింగ్ మీద చరుపు పడింది. “చెల్లదు!”

“ఏమిటీ?”

“చెయ్యి వేరు, గుడ్డ వేరు. రెండు మాటలు అంటగట్టావు. రెండు గొర్రెల్ని కలిపి కట్టి ఒకటని అమ్మితే నేను ఊరుకుంటానా?”

“డిక్షనరీలో ఉందయ్యా మహానుభావా!”

“నా కళ్లతో చూస్తే గానీ నమ్మను.”

“రేపు తెచ్చి నీ మొహాన కొడతా!”

“చూద్దాం.”

మర్నాడు ఉదయం ఎనిడ్ గేటు దగ్గర నిలబడి ఉంది. చంకలో ఇటుకంత డిక్షనరీ. క్లెమ్ కళ్లద్దాలు పెట్టుకుని, తిరగేసి, మొదటి పేజీ చూసి పెదవి విరిచాడు. “డెబ్బై నాలుగులో అచ్చయింది. అప్పటి ధరలు ఇప్పుడు నడుస్తాయా? చెల్లదు.”

ఇక చూడాలి. ‘మార్మలేడ్’ అంటే మధ్యాహ్నం లోపు తిండి పేర్లు చెల్లవన్నాడు. ‘అపెండిసైటిస్’ అంటే ఆస్పత్రి దారిలో రోగాల పేర్లు అశుభమన్నాడు. ఎనిడ్ అగ్గి మీద గుగ్గిలమైపోయేది. ఒక రోజు కొత్త డిక్షనరీ కొనుక్కొచ్చింది, ఇంకో రోజు లైబ్రరీ ఆవిడ చేత సంతకం పెట్టించిన కాగితం తెచ్చింది. దారి పొడవునా పోట్లాటే. ఆస్పత్రి గుమ్మంలో దిగి, “వచ్చాక చెబుతా నీ పని” అంటూ లోపలికి పోయేది. నేను ‘బటన్’ అని చెబితే మాత్రం, “చెల్లింది! భేష్ నారిస్!” అనేవాడు.

ఎనిడ్ లోపలికి వెళ్లినప్పుడు ఒకసారి ఆగలేక అడిగేశాను.

“నీకు మతి గాని పోయిందా? ‘హ్యాండ్‌కర్చీఫ్’ చెల్లదా?”

“చెల్లుతుంది.” క్లెమ్ ఫ్లాస్కులోంచి టీ పోసుకున్నాడు. “అన్నీ చెల్లుతాయి. బంగారం లాంటి మాటలు. అయితే చెల్లిందని ఇవాళ చెప్పాననుకో, రేపు ఆవిడ దేనికి వస్తుందోయ్?”

నేనూ కప్పు చాపాను.

“ధైర్యం చెప్పడం నాకు చేతకాదు, నారిస్” అన్నాడు టీలోకి చూస్తూ. “కోపం తెప్పించడం వచ్చు.”

తన ఇరవయ్యో రోజున ఎనిడ్ బయటికొచ్చి, చికిత్స పూర్తయినవాళ్లు కొట్టే గంటను హాలంతా మోగేలా కొట్టింది. నర్సులు చప్పట్లు కొట్టారు. కారెక్కగానే క్లెమ్ గొంతు సవరించుకున్నాడు.

“ఎనిడ్, ఆ హ్యాండ్‌కర్చీఫ్... చెల్లింది. మిగతావీ చెల్లాయి.”

“నాకు తెలుసులే.”

“తెలుసా? ఎప్పట్నుంచి?”

“మార్మలేడ్ నాడే. మధ్యాహ్నం లోపు తిండి పేర్లు చెల్లవట! చిన్నపిల్లాడు కూడా నమ్మడు.”

క్లెమ్ చెవులు ఎర్రబడ్డాయి. “మరి రోజూ ఎందుకొచ్చావ్?”

“పొద్దున్నే ఇంకో తిక్క కారణం కల్పించుకుని తయారుగా ఉంటావు కదా. నేను రాకపోతే అది ఎవరికి చెప్పుకుంటావు పాపం?”

క్లెమ్ కారు స్టార్ట్ చేశాడు. ముందు ఎన్ని బండ్లు పోయినా ఒక్క అక్షరం పలకలేదు. నాకు ఆ నిశ్శబ్దంలో బెంగ పట్టుకుంది. రేపట్నుంచి ముందు సీటు ఖాళీ. నాకింకా నాలుగు రోజులున్నాయి, ఆ తలుపు చప్పుడంటే నాకూ భయమే. ఎవరికీ చెప్పలేదు, అంతే. ఏదో ఒకటి వినబడాలని ముందున్న బండి వైపు చూశాను. ఎమ్, బీ, ఎల్.

“అంబ్రెల్లా” అన్నాను.

క్లెమ్ అద్దంలోంచి నా మొహం కేసి కాసేపు చూశాడు. తర్వాత స్టీరింగ్ మీద చరుపు పడింది.

“చెల్లదు!”

“ఏం? ఎందుకు చెల్లదు?”

“బయట వాన లేదుగా.”

ఎనిడ్ సీట్లో వెనక్కి వాలి కళ్లనీళ్లు వచ్చేలా నవ్వింది. వాడి ఎత్తు నాకు మొత్తం తెలుసు. వాడే తన నోటితో చెప్పాడు. అయినా నాకు ఒళ్లు మండిపోయింది. మర్నాడు ఉదయం క్లెమ్ రావడానికి అరగంట ముందే, డిక్షనరీ పట్టుకుని గేటు దగ్గర నిలబడ్డాను.