ఉప్పలమ్మ నిలువు బల్ల

కర్రపని చేసే వడ్లోళ్ల ఇంట్ల పుట్టి, వడ్లోళ్ల ఇంటికే కోడలైన ఉప్పలమ్మ నలభై ఏండ్లు వచ్చేదాక ఒక్కనాడు గూడ కర్ర చెక్కే బాడిశె పట్టలే. ఆడమనిషి పనిముట్టు ముట్టుకుంటే పదును పోతదట, ఇంట్ల అన్నం పుట్టదట. ఎవలన్నరో ఏమో గాని, అన్నోడు మొగోడే అయ్యుంటడు! ఇరవై ఏండ్లు మొగనికి ఎదురుంగ కూసొని కదలకుండ కర్ర పట్టింది. కర్ర పట్టొచ్చు గాని బాడిశె పట్టొద్దట. సూడుండ్రి నాయం!

ఆమె మొగడు యాదగిరి లింగాల ఘనపూర్ పక్క పల్లెల నాగండ్లు, గుంటుకలు చేసేటోడు. దొర గడీకి వెట్టి చేసి చేసి యాష్టకొచ్చి, రజాకార్ల జమానాల ఒకనాడు పొద్దుగాల అంబలి తాగి లేసిండు. "గూడూరు అడివి దిక్కు పోతున్ననే. దొరల మీద కొట్లాడే దళంల కలుస్త. ఊరి పని జర ఆగకుండ సూడు" అని పోయిండు. ఆగకుండ ఎట్ల సూడాల్నో మాత్రం చెప్పలే.

ఊరి కట్టుబాటు ఏందంటే, వడ్లాయన రెండు వానకాలాలు పని చెయ్యకుంటే పెద్దమనుషులు ఇంకో ఊరి నుంచి ఇంకొకన్ని తోలుకొస్తరు. ఊరి పని ఆ కొత్తాయనకే, కళ్లంకాడి గింజలు ఆయనకే, ఊరిచ్చిన ఇల్లు గూడ ఆయనకే. యాదగిరి రేపు తిరిగొస్తే నిలవడ జాగ ఉండదు. ఉప్పలమ్మ భయమంత గదే. పిల్లలు లేరు, అత్తమామలు పోయిండ్రు. ఉన్నదల్ల ఊరి కొసకున్న ఆ ఇల్లు, ఆయన వస్తడన్న ఆశ.

మొదటి వానకాలం ముంగట లచ్చయ్య అనే కాపాయన విరిగిన నాగలి మేడి తెచ్చి గడప కాడ పెట్టిండు. "అన్న ఎప్పుడన్న దొంగసాటుగ ఇంటికొస్తే చేసిపెట్టుమను చెల్లె" అన్నడు. ఆయన పోయినంక ఉప్పలమ్మ తలుపు దగ్గరేసి, మొగనికి మనసుల దండం పెట్టుకొని బాడిశె అందుకున్నది. పిడుగు పడలే. పదును గూడ పోలే.

పోయింది ఆమె కాలి తోలు. వడ్లపని కూసొని చేసేది. కర్రను అరికాలుతోని అదిమిపట్టి, కాలి ఏళ్ల సందుల బాడిశె దించాలె. చీరె కట్టుకున్న మనిషికి అది యాడైతది? కుచ్చిళ్లు అడ్డమొచ్చి బాడిశె జారింది, పిక్క కోసుకపోయింది. పసుపు అద్దుకొని కూసున్నప్పుడు, యాదగిరి ఒకపారి నవ్వుకుంట చెప్పిన ముచ్చట యాదికొచ్చింది. జనగామ స్టేషన్ కాడ ఒక మిస్త్రీ బల్ల ముంగట నిలవడి చిత్రిక పడుతడట. "నిలవడి చేసుడేందే, అదేమన్న రోకలి పోటా?" అన్నడు అప్పుడు. రోకలి పోటు ఉప్పలమ్మకు వచ్చు గద!

పెరట్ల విరిగిన ఎడ్లబండి ఉన్నది. నిలవడి చేసేటందుకు బల్ల కట్టాలనుకొని, దాని టేకు పలకలు పైభాగానికి పెట్టింది. బల్ల కాళ్లకు వాగొడ్డు పచ్చి తుమ్మ కొట్టుకొచ్చింది. కాలు కొసన కుసి చెక్కి, పలకల బెజ్జం తొలిచి, దిగగొట్టింది. అబ్బ, గట్టిగనే కూసున్నదనుకున్నది. శివరాత్రి నాటికి ముసలోని పన్ను లెక్క ఊగుడు మొదలువెట్టింది. పచ్చి కర్ర కుసి ఎండితే ఒదులైతదని ఇరవై ఏండ్లు విన్న ముచ్చటనే, చెయ్యబోయేసరికి మరిసింది. బల్ల ముంగట కూలవడి ఏడ్సింది. యాదగిరి ఉంటే మస్తు తిట్టేటోడు. తిట్టేటోడు గూడ లేకపాయె.

మళ్ల ఎండిన యాపకాళ్లు పెట్టింది. కింద మూడు దిక్కుల పలకలతోని మూసి, ముంగటికి రెండు తలుపులు బిగించింది. ఇనుప మొలలు కొడితే చప్పుడు బయటికి పోతదని అన్ని కర్ర సీలలే. బాడిశె, ఉలి, చిత్రిక, సగం చేసిన పని, అంత అండ్లనే. తలుపులు మూసి, పైన గొంగడి కప్పి, తొక్కు జాడి పెడితే వచ్చినోళ్లకు అది వట్టి సామాన్ల గూడే.

పగటీలి ఊరంత చేన్లకు పోయినప్పుడు పని చేసేది. తెల్లారి గడప బయట పెట్టేది. ఇగ ఊరు ఊకుంటదా? యాదగిరి రాత్రిపూట వచ్చిపోతున్నడని చెవులు కొరుక్కున్నరు. "ఏందే ఉప్పలక్కా, వచ్చిండా మా బావ?" అని వరసైనోళ్లు పరాచికాలాడేటోళ్లు. ఆమె కొంగు నోటికడ్డం పెట్టుకొని నవ్వేది. ఆ నవ్వు నవ్వినప్పుడల్ల నిజంగనే వచ్చిపోయిండనిపించేది. పిచ్చిది, అట్ల అనిపించిన పూట కడుపునిండ తినేది.

రజాకార్లు పోయి యూనియన్ మిల్ట్రీ వచ్చింది. దళపోళ్లను పట్టేటందుకు ఊళ్లె క్యాంపు పడ్డది. యాదగిరి వస్తున్నడన్న ముచ్చట వాళ్ల చెవుల గూడ పడ్డది. రెండో వానకాలం ముంగట మూడు రాత్రులు కాపు కాసిండ్రు. ఎవలు రాలే. నాలుగోనాడు కొత్త మేడితోని పోతున్న లచ్చయ్యను పట్టుకొని ఉప్పలమ్మ వాకిట్లకు ఈడ్చుకొచ్చిండ్రు.

"గిది ఎవడు చేసిండు?" అన్నడు జమేదారు.

"యాదగిరన్ననే సర్కార్. రాత్రి వచ్చి చేసిపోతడు" అన్నడు లచ్చయ్య. పాపం, నమ్మిన మాటనే చెప్పిండు. కట్టె ఈపు మీద పడ్డది. రెండో దెబ్బకు ఉప్పలమ్మ అడ్డం ఉరికింది.

"ఆయన్ని కొట్టకుండ్రి! చేసింది నేను!"

జమేదారు నవ్విండు. ఉప్పలమ్మ ఇంట్లకు పోయి జాడి దించింది, గొంగడి లాగింది, తలుపులు బార్ల తెరిసింది. వాకిట్ల గుమిగూడిన ఊరంత సూస్తుండంగ బల్ల ముంగట నిలవడి మేడి చెక్కింది. జమేదారు కొద్దిసేపు సూసి, లచ్చయ్యను ఇడిసిపెట్టి పోయిండు.

లచ్చయ్య ఈపు రాసుకుంట లేసిండు. "అయితే... అన్న ఒక్కనాడన్న రాలేదా చెల్లె?"

"రాలే అన్న."

పెద్దమనుషులు కచీరు కాడ పంచాయితికి కూసున్నరు. "ఎవలు చేస్తేంది, నాగలి దున్నుతున్నది గద" అన్నరు. ఊరి పని నిలిసింది, ఇల్లు నిలిసింది. ఆమె కోరుకున్నదంత దొరికింది.

మూడోనాడు వెనుక వాడకట్టు ముసలిది దుర్గమ్మ వచ్చింది. ఆమెకు చెవుడు. బల్ల పక్కన కూసొని ఉప్పలమ్మ చేతి గాజులు నిమిరింది.

"ఇన్నొద్దుల సంది ఒక్కపారి రానోడు ఇగ యాడుంటడు బిడ్డా? ఊరంత అనుకుంటున్నరు. దినాలు చెయ్యాలె గద" అన్నది.

ఉప్పలమ్మ చెయ్యి గుంజుకున్నది. "మొన్నటిదాక వస్తున్నడంటిరి! నా చేతి పని నాదన్నందుకు నా మొగన్ని సంపుతరానే అవ్వా!" అని గొంతు పలిగేటట్టు ఒర్రింది.

దుర్గమ్మ చెవి దగ్గరికి పెట్టింది. "ఏమన్నవు బిడ్డా? మళ్లొక్కపారి చెప్పు."

ఉప్పలమ్మ బల్ల దిక్కు మళ్లి బాడిశె అందుకున్నది.