మాచర్ల దాటి, ఒక పడవ ఇంజను దగ్గరికి

ఇరవై రెండేళ్ళుగా ఇంజన్ల గురించి పాఠాలు చెబుతున్నాను గానీ, పడవ వెనక తగిలించే ఇంజన్ను మొన్న అక్టోబరు దాకా చేత్తో ముట్టుకోలేదు. నరసరావుపేటలో నేను పనిచేసే పాలిటెక్నిక్‌లో అలాంటిది లేదు. ఈ ప్రయాణానికి కారణం ఏసురత్నం చేసిన ఫోను. అతను మాచర్ల వైపు రాతి క్వారీలో పదిహేనేళ్ళు పనిచేసి, ఊపిరితిత్తుల నిండా దుమ్ము నింపుకుని, మా పేట ఆసుపత్రిలో మా నాన్న పక్క మంచం మీద నెల రోజులు ఉన్నాడు. స్నేహం అక్కడ కుదిరింది. మళ్ళీ దుమ్ములోకి వెళితే బతకవని డాక్టరు తెగేసి చెప్పాక, అతనూ భార్య మరియమ్మా నిజాంపట్నం వెళ్ళి ఒక పాత ఫైబరు పడవ, ఎనిమిది హార్స్ పవర్ సెకండ్ హ్యాండ్ ఇంజను కొనుక్కొచ్చారు. మూడేళ్ళుగా సాగర్ రిజర్వాయర్‌లో చేపలు పడుతున్నారు. "మాస్టారూ, ఇంజను కాగిపోతంది. తెడ్డేసే ఊపిరి నాకు లేదు. ఇది పోతే నేను మళ్ళా క్వారీకే" అన్నాడు. ఆ మాట విన్నాక పాఠాలు చెప్పుకుంటూ కూర్చోలేకపోయాను. నీళ్ళు తోడే రబ్బరు చక్రం, అంటే ఇంపెల్లర్, అరిగిపోయి ఉంటుందని ఫోనులోనే తేల్చేశాను. గుంటూరులో వెతికించి కొత్తది తెప్పించి, ఆదివారం తెల్లవారుజామున బయల్దేరాను.

పేట బస్టాండులో అయిదున్నరకు మాచర్ల బస్సు దొరికింది. టికెట్టు నూట ఇరవై లోపే. గురజాలలో బస్సు ఆగినప్పుడు టీ తాగాను. అక్కడి టీ బాగా చిక్కన, రెండోది అడగకుండా ఉండలేం. ఎనిమిదిన్నరకు మాచర్లలో దిగి, సాగర్ వైపు వెళ్ళే షేర్ ఆటో ఎక్కాను. డ్రైవరు నా చేతిలో స్పానర్ల సంచి చూసి, దేవుడి దర్శనానికా రిపేరుకా అని అడిగాడు. రిపేరుకే అన్నాను. అయితే నా ఆటో శబ్దం కూడా ఒకసారి వినండి అని దారి పొడవునా దాని కష్టాలు చెప్పుకుంటూ వచ్చాడు. ఎత్తిపోతల మలుపు దాటాక కాసేపటికి ఎడమవైపు కొండలు కాస్త తప్పుకున్నాయి, నీళ్ళు కనిపించాయి. సాగర్‌ను చిన్నప్పటి నుంచీ చూస్తున్నాను. కానీ వరద వచ్చి నిండిన సాగర్‌ను ఇలా ఒడ్డున నిలబడి ఎప్పుడూ చూడలేదు. కొండల నడుములదాకా ఎర్రటి నీళ్ళు. ఆటో దిగి నోరు తెరుచుకుని నిలబడిపోయాను. ఆటో అతను రెండుసార్లు డబ్బులడిగాడు.

ఒడ్డున పది పన్నెండు గుడిసెలు, చివర చిన్న చర్చి. నేను వెళ్ళేసరికి మరియమ్మ పడవ దగ్గరి నుంచి ఇంజన్ను భుజాన పెట్టుకుని పైకి వస్తోంది. పాతిక కిలోలకు తక్కువ ఉండదు. సాయం చేద్దామని చెయ్యి అందించబోతే, "అన్నయ్యా, పక్కకు జరగండి, అడ్డం పడుకోబెడితే దానికి పడదు" అంది. నిలువుగా తెచ్చి నిలువుగానే కొయ్య స్టాండుకు బిగించింది. వరద రోజుల్లో అవతలి గట్టున మేకలతో చిక్కుకుపోయిన వాళ్ళను, మేకలను, గడ్డిమోపులను ఈ ఒక్క పడవే పది రోజులపాటు పగలంతా ఇవతలికి చేరవేసిందట. అన్నాళ్ళు ఒళ్ళు వంచి పనిచేసిన ఇంజన్ను వాళ్ళు చూసుకునే తీరు చూస్తే నాకు సిగ్గేసింది. రోజూ ఒడ్డుకు రాగానే దాన్ని బోరు నీళ్ళ డ్రమ్ములో దించి అయిదు నిమిషాలు నడిపిస్తారు, లోపలి బురద కడిగిపోవాలని. ఆపే ముందు పెట్రోలు పైపు పీకేసి, కార్బురేటర్లో మిగిలిన చుక్క కూడా కాలిపోయేదాకా ఉంచుతారు. నీళ్ళలో తిరిగే ఫ్యాను విప్పి, దాని వెనక చుట్టుకున్న వల దారాలు లాగేస్తారు. అవి సీలును కోస్తే గేరు ఆయిల్లోకి నీళ్ళు చేరతాయి. వారానికోసారి ఆయిలు రెండు చుక్కలు తీసి రంగు చూస్తారు, పాలు కలిసినట్టు ఉంటే మార్చేస్తారు. ఇవన్నీ నేను బోర్డు మీద రాస్తాను. నా స్కూటరుకు ఒక్కటీ చెయ్యను.

ఇంకొకటి కూడా చూశాను. ఇంజను కింది కాలికి, అంటే నీళ్ళలో మునిగే భాగానికి, నీళ్ళు పీల్చే కంతలుంటాయి. వాటి మీద పాత నూలు చీర ముక్క రెండు మడతలు వేసి కట్టి ఉంది. బిందె మూతికి గుడ్డ కట్టి నీళ్ళు వడకట్టుకున్నట్టే, ఇంజను తాగే నీళ్ళను కూడా వడకడుతున్నారన్నమాట. ఇది మరియమ్మ ఆలోచన. చూసి మిగతా పడవల వాళ్ళు కూడా కట్టుకున్నారు. డ్రమ్ములో నడిపేటప్పుడు మాత్రం ఆమె దాన్ని విప్పి ఉతికి ఆరేస్తుంది, బోరు నీళ్ళు ఎలాగూ శుభ్రమే కదా అని. నాకు ముచ్చటేసి, చదువుకున్న వాళ్ళకు కూడా తట్టని పని అని మెచ్చుకున్నాను. ఆమె మొహం వెలిగిపోయింది.

నాలుగు బోల్టులు విప్పి కింది కాలు దించాను. పాత ఇంపెల్లర్ రెక్కలు కొంచెం వంగి ఉన్నాయి. కొత్తది వేసి, ప్లగ్గు మార్చి, డ్రమ్ములో స్టార్ట్ చేస్తే ఇంజన్ను చల్లబరిచి బయటికొచ్చే నీటి ధార వెనక కంత నుంచి బలంగా చిమ్మింది. మరియమ్మ ధార కింద అరచెయ్యి పెట్టి గోరువెచ్చగా ఉందంది. నేను స్పానర్లు తుడిచి సంచిలో పెట్టేశాను. మధ్యాహ్నం బొచ్చె చేప పులుసుతో అన్నం పెట్టారు. అంత పెద్ద ముక్క ఏ హోటల్లోనూ వెయ్యరు. ఏసురత్నం తినేటప్పుడు కూడా మధ్యమధ్యలో ఆగి ఊపిరి తీసుకుంటున్నాడు. అయినా ఆ పూట అతను చానా హుషారుగా ఉన్నాడు.

మూడు గంటలకు మరియమ్మ ఇంజన్ను పడవకు బిగించి, ఉతికిన గుడ్డ మళ్ళీ కట్టాక ముగ్గురం పడవెక్కాం. ఏసురత్నం హ్యాండిల్ పట్టాడు. పది నిమిషాల్లో ఒడ్డున గుడిసెలు అగ్గిపెట్టెలంత అయిపోయాయి. చుట్టూ ఎర్ర నీళ్ళు, కొండలు. అడుగున మునిగిపోయిన లోయ ఉందని తలుచుకుని పడవ అంచు పట్టుకున్నాను. సరిగ్గా అప్పుడే ఇంజను గొంతు మారింది. మరియమ్మ ధార కింద చెయ్యి పెట్టి చటుక్కున లాక్కుంది. ధార దారమంత సన్నబడింది, పొగలు కక్కుతోంది. ఏసురత్నం ఇంజను ఆపేశాడు.

నాకు తెలిసిన పాఠమంతా ఒక్కసారి తిరగేసుకున్నాను. పంపు కొత్తది, అయినా కాగుతోందంటే లోపలి నీటిదారులు బురదతో పూడిపోయి ఉండాలి, లేదా పదేపదే కాగి, పైన మూతలా ఉండే హెడ్డు వంగిపోయి ఉండాలి. విప్పి గుంటూరు పంపాలని, బాగవుతుందన్న నమ్మకం కూడా లేదని చెప్పాను. నీళ్ళ మధ్యలో అలాంటి మాట చెప్పకూడదని నోరు జారాక తెలిసింది. ఏసురత్నం మెల్లిగా, క్వారీ మేస్త్రీ మొన్న కూడా ఫోను చేశాడని, కనీసం రాళ్ళు లెక్కబెట్టే పని ఇస్తానన్నాడని చెప్పాడు. రాళ్ళు లెక్కబెట్టే చోట కూడా అదే దుమ్ము.

మరియమ్మ మా ఇద్దరి మాటా వినిపించుకోలేదు. ఇంజను కేసే చూస్తోంది.

"డ్రమ్ములో ఎందుకు కాగలా అన్నయ్యా?" అంది.

మంచి నీళ్ళు గనక అన్నాను.

"నీళ్ళొకటేనా? అప్పుడు గుడ్డ లేదుగా."

ఆమె ఇంజన్ను పైకి లేపి, ఒంగి, తడి ముడి పళ్ళతో విప్పింది. గుడ్డ పిండితే ఎర్రటి మెత్తటి బురద గుప్పెడు వచ్చింది. తేట నీళ్ళలో మూడేళ్ళు పనిచేసిన గుడ్డే, ఈ వరద మట్టికి మైనం పూసినట్టు మూసుకుపోయింది. పొద్దున నేను మెచ్చుకున్నది దాన్నే. ఆమె గుడ్డను చేతిలో పట్టుకుని, "మంచి నీళ్ళు తాగాలని కడితిని. నేనే దాని పీక నొక్కా" అంది. కళ్ళ నిండా నీళ్ళు. ఏసురత్నం, "ఊరుకోయే, కనిపెట్టింది గూడా నువ్వేగా" అన్నాడు.

అరగంట చల్లారనిచ్చాం. ఏసురత్నం తాడు రెండుసార్లు లాగి ఆయాసపడితే, మూడోసారి మరియమ్మ లాగింది. ఇంజను అందుకుంది. మొదట బురద నీళ్ళు కక్కి, తర్వాత ధార వేలంత లావున దూరంగా చిమ్మింది. అవతలి కొండ దాకా వెళ్ళి తిరిగొచ్చాం, దాదాపు గంట. ఆ గంటంతా ఆమె ధార కింద నుంచి చెయ్యి తియ్యలేదు. ఒక్కసారి కూడా కాల్లేదు. ఒడ్డుకొచ్చాక ఆమే ఒక్కో పడవ దగ్గరికీ వెళ్ళి గుడ్డలు విప్పించింది. అది తన తప్పేనని ప్రతి ఒక్కరికీ చెప్పింది. తప్పు ఒప్పుకోవడానికి అంత దూరం నడిచిన మనిషిని నేను మా కాలేజీలో చూడలేదు. నన్నూ కలుపుకునే అంటున్నాను.

సాయంత్రం ఆరున్నరకు మాచర్లలో చివరి సీటు దొరికింది, తొమ్మిది దాటాక ఇల్లు చేరాను. దారంతా ఆ నీళ్ళే కళ్ళ ముందు ఉన్నాయి. ఒక మనిషి ఊపిరి బరువును ఎనిమిది హార్స్ పవర్ మోస్తోంది, దాన్ని ఒక ఆడమనిషి భుజం మోస్తోంది. ఇంతకాలం యంత్రాన్ని అర్థం చేసుకోవడమంటే విప్పడం అనుకున్నాను. ఆమె విప్పింది ఒక్క ముడే. ఏసురత్నం నిన్న ఫోను చేశాడు, మేస్త్రీకి రానని చెప్పేశాడట. మీరు ఆ వైపు వెళ్ళి పడవెక్కినా, మీకే చిన్న పడవ ఇంజను ఉన్నా, గుర్తుంచుకోవాల్సింది ఒక్కటే. ఇంజను బాగా నడిచిన రోజున నీటి ధార కింద చెయ్యి పెట్టి చూడండి. ఆ గోరువెచ్చదనం గుర్తు పెట్టుకుని, తర్వాత ఏ రోజైనా కాలితే ఆపి, నీళ్ళు పీల్చే చోట ఏం అడ్డుందో చూడండి. అక్కడ గుడ్డ కట్టి ఉంటే, ఎంత ప్రేమగా కట్టిందైనా సరే, విప్పేయండి.