లారీ కింది సలాక, గోడమీది పిడక

మొన్న ఆదివారం మా మనవడు తన ట్రక్కును వాకిట్లో రాళ్ళ మీదికి ఎక్కించి దాని కిందికి దూరాడు. మహబూబాబాద్ మార్కెట్ నుంచి మిర్చి బస్తాలు తోలే బండి అది. ఎత్తుగా లోడు వేసి మలుపు తిరిగితే ఒక పక్కకు ఒరిగిపోతున్నదని, ఆ ఊగుడు ఆపే ఇనుప సలాక ఒకటి ఫోన్‌లో వెతికి తెప్పించుకున్నాడు. బండి చేసినవాళ్ళు పెట్టనిది వీడు పెట్టడమేమిటని నాకు మొదటినుంచీ అనుమానమే. షాపుకు తీసుకుపోరా అంటే, "ఫోన్ల చూసుకుంట నేనే ఏస్త నాయినమ్మా, గదేం పెద్ద పని!" అన్నాడు. గోనెసంచి పరిచి దానిమీద సామాను పేర్చాడు. రెండు కొసలూ వంచిన పొడవాటి సలాక, రబ్బరు ముక్కలు, బోల్టులు, జానెడు పొడుగు ఇనుప గొట్టం ఒకటి. ఒకటే. "ఇంకోటేది? జత ఉండాలె గద! పార్సిల్ తెచ్చినోడే కొట్టేసిండు. వాని మొఖం చూస్తనే అనుకున్న" అంటూ ఫోన్ అందుకున్నాడు. ఆ ఒంటి గొట్టాన్ని చూసేసరికి, తొంభై దాటిన నేను మంచం మీదినుంచి లేచి నిలబడ్డాను. పడిపోతానేమోనని కోడలు వచ్చి పట్టుకుంది.

నాకు పదహారో ఏడు నడుస్తుండగా దేవరుప్పుల దగ్గరి ఒక ఊరికి కోడలిగా వచ్చాను. ఇంట్లో అత్తమ్మ, మా ఆయన, ఆయనకు అన్న అయిన మా బావగారు. బావగారు పెద్ద యుద్ధం రోజుల్లో సికింద్రాబాద్‌లో మిలిటరీ బండ్లు బాగుచేసే చోట పనిచేసి, యుద్ధం అయిపోయాక ఒక పాత లారీతో ఊరికి తిరిగివచ్చారట. పెళ్ళి చేసుకోలేదు. లారీకి తుడిచినట్టు పెళ్ళానికి ఎవడు తుడుస్తాడు, అందుకే చేసుకోలేదని అత్తమ్మ ఎత్తిపొడిచేది. మహదేవపూర్ అడవుల నుంచి జనగామ స్టేషనుకు వెదురుబొంగులు తోలడం ఆయన పని. మా ఇళ్ళలో అప్పుడు ఒక పద్ధతి ఉండేది. తమ్ముడి భార్య బావగారి ఎదుట పడకూడదు, ఆయనతో మాట్లాడకూడదు. అన్నం వడ్డించి, తలుపు చాటుకు వచ్చి గాజులు గలగలమనిపిస్తే, తినడానికి రమ్మని అర్థం. చాలకపోతే ఆయన దగ్గేవారు. అందుకే ఆయన ముఖం కంటే లారీ కింద నుంచి బయటికి చాచి ఉండే పాదాలే నాకు ఎక్కువ తెలుసు. కుడి మడమ మీద కాలిన మచ్చ ఉండేది.

రజాకార్లు పోయి, యూనియన్ మిలిటరీ వచ్చి ఏడాది దాటిన కాలం అది. పగలు మిలిటరీ వచ్చేది, పొద్దుగూకితే తుపాకులతో సంఘం వాళ్ళు, అంటే కమ్యూనిస్టు దళాలు, వచ్చేవారు. ఎవరు ఎవరికి ఏం చెబుతారో తెలియక, ఊళ్ళో వాళ్ళు సొంత అన్నదమ్ములతో కూడా వానల గురించే మాట్లాడుకునేవారు. నాలుగు రొట్టెలు ఎక్కువ కాలిస్తే, ఇంటికి చుట్టాలెవరు వచ్చారని పక్కింటామె గోడమీదినుంచి అడిగేది. ఇక ఇనుమంటే చెప్పనక్కరలేదు. మా పుట్టింటి ఊళ్ళో ఒక కమ్మరి ఇంట్లో జానెడు గొట్టం దొరికింది. నాటు తుపాకి చేస్తున్నాడని తీసుకుపోయారు. ఆయన తిరిగి రాలేదు. ఆయన భార్య బొట్టు ఉంచుకోవాలా తీసెయ్యాలా తెలియక మా అమ్మ దగ్గరికి వచ్చి కూర్చునేది. ఆ గొట్టం ఎలా ఉంటుందో నేను చూడలేదు గాని, నా బుర్రలో మాత్రం బలంగా ఉండిపోయింది.

ఇలాంటి రోజుల్లో బావగారు తుక్కైపోయిన మిలిటరీ కారు కింది నుంచి విప్పిన సలాక ఒకటి తెచ్చి వాకిట్లో పడేశారు. అంతకు ముందు వారమే వాగు మలుపులో బొంగుల లారీ ఒరిగి రెండు చక్రాలు గాలిలో లేచాయట. అత్తమ్మతో ఆయన అంటుంటే విన్నాను: "ఇంకొక్కసారి గట్లైతే నేను బొంగుల కిందనే ఉంట అవ్వా." కానీ దానికీ ఈ సలాకకూ సంబంధం ఏమిటో నాకు ఎవరు చెబుతారు? మా ఆయనను అడిగితే, "నీకెందుకు? అన్న పని అన్న చూసుకుంటడు" అన్నాడు. చెప్పకపోతే అనుమానం పెరగదా మరి! దానికి తోడు మా అత్తగారి ఊరి కమ్మరాయన రావడం, బావగారూ ఆయనా లారీ పక్కన గొంతుక్కూర్చుని గుసగుసలాడటం. కొలిమి పొగ లేస్తే చాలు సోదా చేసే రోజులు కాబట్టి, కమ్మరాయన దొంగచాటుగా పనిచేసి ఇచ్చాడని తర్వాత తెలిసింది. అప్పుడు తలుపు సందులోంచి నాకు వినిపించింది ఇంతే. "ఎవ్వలకు చూపియ్యకు" అని కమ్మరాయన. "జత సరిగ్గ కుదరాలె. జర తేడా వచ్చినా పానం పోతది" అని మా బావగారు. ఒక పాతగుడ్డలో రెండు గొట్టాలు. జానెడేసి పొడుగు.

మర్నాడు పొద్దున బావగారు లారీ కింద పడుకుని పని మొదలుపెట్టారు. సలాకను ఇరుసుకు అడ్డంగా కట్టి, పాత టైరు కోసిన రబ్బరు ముక్కలు వేసి, ఒక కొసను గొట్టంతో, బోల్టుతో పైన లారీ చట్రానికి బిగించారు. రెండో గొట్టం గుడ్డలోనే, ఇంట్లో వడ్లు పోసుకునే గుమ్మి మీద ఉంది. కమ్మరాయన వచ్చి, గుమ్మి దగ్గరికి పోయి గుడ్డ విప్పి చూసి, సరిగ్గానే ఉందని తల ఊపి బయటికి నడిచాడు. నేను గోడకు పిడకలు కొడుతున్నాను. అంతలో పశువులు తోలుకుపోతున్నవాడు వెనక్కి ఉరికి వస్తూ "మిలిటరీ! మిలిటరీ!" అని అరిచాడు. కమ్మరాయన పంచె ఎగగట్టి పెరటి దారిన పరుగెత్తాడు. బావగారి పాదాలు మాత్రం కదల్లేదు. ఆ మనిషికి చెవుడా, తెగింపా అనుకున్నాను. ఆయన మనసులో తప్పేమీ లేదు కాబట్టి కదల్లేదని నాకు తట్టలేదు. "గిదేంది బావా?" అని నేను ఒక్క మాట అడిగి ఉంటే అయిపోయేది. పేడ చేతులతోనే లోపలికి ఉరికి, గుడ్డలోంచి గొట్టం తీసి, పేడముద్దలో పెట్టి, ఒక పిడక కొట్టి గోడకు అతికించాను. ఆ వరసలో అదొక్కటే లావుగా, గర్భిణిలా నిలబడింది.

సోదాకు వచ్చిన మిలిటరీ వాళ్ళు లారీ దగ్గరే ఆగారు. మన మాట వాళ్ళకు హిందీలో చెప్పడానికి వెంట వచ్చినతను కోస్తా వైపు మనిషి. "ఏంటిది? ఇక్కడ గొట్టం బిగిస్తున్నావే?" అన్నాడు. బావగారు వాళ్ళ ఎదుటే మా ఆయనను లారీ ఒక అంచు మీదికి ఎక్కించి, అటూ ఇటూ ఊపించారు. "గీ సలాక రెండు దిక్కుల పట్టుకుంటే బండి ఊగదు సార్. ఒక దిక్కు బిగించిన, సూడుండ్రి. రెండోది గుమ్మి మీదున్నది" అన్నారు. వాళ్ళ ఆఫీసరుకు నమ్మకం కలిగినట్టే ఉంది. మెల్లగా తల ఊపాడు, జత చూపించమన్నాడు. బావగారు లోపలికి వచ్చి గుడ్డ ఎత్తారు. గుమ్మి వెనక చూశారు, కింద చూశారు, కుండలు జరిపారు. నేను తలుపు చాటున నిలబడి ఉన్నాను. ఆయన చెయ్యి నా చీర కొంగుకు బెత్తెడు దూరంలో వెతుకుతున్నది. నోరు తెరవాలని ఉంది. బావగారితో మాట్లాడకూడదు. బయట ఒక జవాను గోడకు చేరగిలబడబోయి, పేడ చూసి ముక్కు మూసుకుని జరిగాడు. "రెండోది ఎవరికిచ్చావ్? ఏ దళానికి పంపావ్?" అని కోస్తా మనిషి అరిచాడు. ఆయనను కాపాడటానికి నేను దాచిన దాని కోసమే, నా కళ్ళముందే, బావగారి చేతులు వెనక్కి విరిచి కట్టి జనగామ క్యాంపుకు తీసుకుపోయారు.

మర్నాడు ఆ పిడక పగలగొట్టి, గొట్టం కడిగి, గుమ్మి వెనక దొరికిందని మా ఆయనకు ఇచ్చాను. ఆయన ఊరి పెద్దమనిషిని వెంటబెట్టుకుని జనగామ ఉరికాడు. చివరికి క్యాంపువాళ్ళు వచ్చి, రెండో కొస కూడా తమ ముందరే బిగింపజేసి, నమ్మి, వదిలేసేసరికి పన్నెండు రోజులు పట్టింది. లారీ ఊగడం ఆగిపోయింది. కానీ విరిచి కట్టిన బావగారి కుడిచెయ్యి మళ్ళీ భుజం దాటి లేవలేదు. స్టీరింగు తిప్పలేక ఏడాదిలోనే లారీ అమ్మేశారు. క్యాంపు నుంచి తిరిగి వచ్చిన రోజు ఆయన ఆ రెండో గొట్టం విప్పి, లోపల పుల్లతో గీకారు. ఎండిన పేడ, గడ్డిపోచలు రాలాయి. వాటిని కాసేపు చూసి, వంటింటి తలుపు వైపు చూశారు. దగ్గనైనా లేదు.

నోరు చేసుకున్నది అత్తమ్మ. "గుమ్మి మీద చెయ్యి పెట్టినోడు కమ్మరోడు, ఉరికినోడు కమ్మరోడు. వాడే దాచిండు, వాడే మల్ల తెచ్చి పెట్టిండు. మిలిటరోళ్ళకు చెప్పింది గూడ వాడే!" అని వీధిలో నిలబడి అరిచింది. ఆ రోజుల్లో ఒక మనిషికి మిలిటరీ వేగువాడన్న పేరు పడితే ఎంత ప్రమాదమో అందరికీ తెలుసు. నాకూ తెలుసు. రైతులు నాగళ్ళు ఆయన దగ్గరికి తీసుకుపోవడం మానేశారు. నెల తిరగకముందే కమ్మరాయన పెళ్ళాం పిల్లలతో ఊరు వదిలిపోయాడు. చాలా ఏళ్ళకు ఇదే మహబూబాబాద్ స్టేషను బయట కొడవళ్ళకు కక్కులు కొడుతూ, పళ్ళు తీరుస్తూ కనబడ్డాడు. నన్ను గుర్తుపట్టి, "మీ బావ మంచిగున్నడా బిడ్డా? చెయ్యి లేస్తున్నదా?" అని అడిగాడు. మంచిగున్నడని చెప్పి రైలెక్కాను. సిగ్గులేని దాన్ని. బావగారు ముసలివారై మంచాన పడ్డాక పద్ధతులు సడలి, నేనే అన్నం తినిపించాను. రోజూ ముద్ద పెడుతూ, ఈయనకు తెలుసా తెలియదా అని ఆయన కళ్ళలోకి చూసేదాన్ని. తెలిస్తే కమ్మరాయన తరఫున ఎందుకు నోరు విప్పలేదు? నా పరువు కోసమా? ఆయన పోయాక కూడా తేలలేదు.

"ముందు ఆ పార్సిల్ డబ్బా సరిగ్గ చూడురా" అన్నాను మనవడితో. అట్ట మడతలో ఇరుక్కుని ఉన్న రెండో గొట్టం బయటపడింది. వాడు నాలుక కరుచుకున్నాడు. అప్పుడు, ఎవరూ అడగకుండానే, ఇదంతా వాడికి చెప్పాను. ఈ జన్మలో మొదటిసారి. వాడు చేతిలో పానా పట్టుకుని విన్నాడు. "గంతేనా నాయినమ్మా? గా మాట అప్పుడే చెప్తే అయిపోతుండె గద" అని మళ్ళీ బండి కిందికి దూరాడు. నిజమే. అప్పుడైతే నిమిషం పట్టేది. నాకు డెబ్బై ఏళ్ళు దాటి పట్టింది. వినవలసిన ఇద్దరూ, బావగారూ కమ్మరాయనా, అంతసేపు ఆగలేకపోయారు.